ఏనుగులకి మేత ఎవరు తెచ్చారు

పోయిన నెలలో ఒక శనివారం పొద్దున తొమ్మిదింటికి, లండన్‌కి పడమటి వైపు మేముండే ఊరికి దగ్గర్లో ఒక చిన్న కమ్యూనిటీ హాలు ముందు నేనూ మా బాపూ చెరో డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాం. బాపు చేతిలో డబ్బాలో పులిహోర. నా చేతిలో డబ్బాలో కాకతీయ సైన్యం. తాళాలు తెచ్చే ఆయన ఇంకా రాలేదు, సన్నగా వాన పడుతోంది, బాపు తన డబ్బా నాకిచ్చి నా డబ్బా తీసుకుని స్వెటర్ లోపల పెట్టుకున్నాడు. "రంగులు కరుగుతయేమో" అన్నాడు. వార్నిష్ కొట్టాను బాపూ ఏం కాదు అన్నా వినలేదు.

ఆ రోజు జరిగింది ఒక లోకల్ టోర్నమెంట్. పదహారు మంది ఆటగాళ్ళు, ఎనిమిది టేబుళ్ళు, నాలుగు రౌండ్లు. ఆడేది బొమ్మ సైనికులతో యుద్ధం, అదీ పాతకాలపు సైన్యాలతో మాత్రమే, తుపాకులు రాకముందు అని స్థూలంగా అనుకోండి. ఒక టేబుల్ మీద రోమ్‌తో పోరాడిన ఆఫ్రికా నగరం కార్తేజ్ సైన్యం, పక్కన మంగోలులు, ఆ పక్కన ఎవరో ఈజిప్టు రథాలు తెచ్చారు. వచ్చినవాళ్ళలో ఒక రిటైర్డ్ ప్లంబర్ ఉన్నారు, ఒక నర్సు ఉంది, లెక్కల టీచరు ఉన్నాడు, తండ్రితో కలిసి వచ్చిన పద్నాలుగేళ్ళ పిల్లాడు ఉన్నాడు. తెలుగువాళ్ళం మేమిద్దరమే, అందులో ఆడేది నేనొక్కడినే.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి కాస్త చెప్తాను, ఇది తెలియకపోతే తర్వాత చెప్పేది ఎక్కదు. మేమాడే రూల్స్‌ని డీబీఏ అంటారు, డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్ అనే లాటిన్ పేరుకి పొట్టి రూపం. ఫిల్ బార్కర్ అనే ఆయన పూనికతో 1990లో వచ్చింది. ఒక్కో సైన్యంలో పన్నెండే పన్నెండు బేసులు, అంటే బొమ్మలు అంటించే చిన్న పలకలు, ఉంటాయి, ఒక్కో బేసు 40 మిల్లీమీటర్ల వెడల్పు, దాని మీద రకాన్ని బట్టి ఇద్దరో ముగ్గురో నలుగురో బంట్లు, ఏనుగైతే ఒక్కటే. మనిషి బొమ్మ 15 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరు కంటే కాస్త పొడుగు. యుద్ధభూమి రెండడుగుల చదరం. మన వంతు వచ్చినప్పుడు డైస్ వేస్తే ఎంత పడితే అన్ని కదలికలు, వాటిని పిప్పులు అంటాం. ఆరు పడితే ఆరు చోట్లకి హుకుం వెళ్ళినట్టు, ఒకటి పడితే మిగతా సైన్యమంతా గుడ్లప్పగించి నిలబడాల్సిందే. పైగా మన సేనాపతికి దూరంగా వెళ్ళిపోయిన బేసుని కదిలించాలంటే ఒక పిప్పు అదనంగా పడుతుంది. రెండు బేసులు ఢీకొంటే ఇద్దరూ డైస్ వేసి బలం కలుపుకుంటారు, రెట్టింపు వస్తే అవతలివాడు పోయినట్టే, లేకపోతే చాలాసార్లు వెనక్కి జరుగుతాడు. అవతలివాళ్ళకంటే ఎక్కువ పోగొట్టుకుని, అవి నాలుగు బేసులైతే ఓడినట్టు. గంటలో అయిపోతుంది. ఇంత చిన్న ఆటలో అంత పెద్ద యుద్ధం ఎలా పడుతుందని మొదట్లో నాకూ అనుమానమే, ఆడుతూ ఉంటే అర్థమైంది, పట్టేది యుద్ధం కాదు, యుద్ధం గురించి అడగాల్సిన ప్రశ్నలు పడతాయి.

ఇక మా బాపు సంగతి. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఉండేది హన్మకొండలో, ఐదు నెలల కోసం మా దగ్గరికి వచ్చాడు. టేబుల్ మీద నేను పరిచిన సైన్యాన్ని కళ్ళద్దాలు పైకి జరిపి ముక్కు ఆనేంత దగ్గర్నుంచి చూశాడు. ఏనుగులు చూశాడు, రౌతుల్ని చూశాడు, విలుకాళ్ళని చూశాడు. ఈ ఆటలో ప్రతి సైన్యానికీ వెనకాల ఒక క్యాంపు ఉంటుంది, శత్రువు దాన్ని కొల్లగొడితే మనకి నష్టం. నేను రెండు గుడారాలు, ఒక జెండా, నీళ్ళకుండ పెట్టి చేశాను. దాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"అన్ని మంచిగనె చేసినవ్ రా. గని గీ ఏనుగులకు మేత ఎవరు తెచ్చిన్రు? గిండ్ల ఒక్క గడ్డిమోపన్న లేదు."

నా దగ్గర సమాధానం లేదు. ఏనుగు అంటే రోజుకి వంద కిలోలు దాటి తింటుంది, నీళ్ళు అంతకంటే ఎక్కువ కావాలి. నేను ఆ ఏనుగుల మీద అంబారీ గుడ్డకి అంచు ఏ రంగు వేయాలా అని మూడు రాత్రులు ఆలోచించాను గానీ అవి ఏం తిని నడిచాయన్నది నా బుర్రకి తట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గడ్డిమోపే.

మనం కాకతీయుల్ని మర్చిపోయాం అని నేననను, అలా అంటే అబద్ధం. తోరణం రాష్ట్ర చిహ్నంలో ఉంది, యూనివర్సిటీకి వాళ్ళ పేరుంది, చెరువుల పూడిక తీసే పథకానికి వాళ్ళ పేరే పెట్టారు, ట్యాంక్ బండ్ మీద రుద్రమదేవి విగ్రహం ఉంది. నా గొడవ వేరే. మనం వాళ్ళని పొగుడుతాం, ప్రశ్న అడగం. రుద్రమ గుర్రమెక్కి కత్తి తిప్పింది అంటాం, సరే, ఆ గుర్రం ఎక్కడిది, ఎంత పెట్టి కొన్నారు, దాన్ని ఎవరు సాకారు, ఆమె పక్కన ఎడమవైపు నిలబడింది ఎవరు, ఆ మనిషికి జీతం పొలంగా ఇచ్చారా రొక్కంగా ఇచ్చారా, ఇవేవీ ఏ సభలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు. వీరగాథ వింటున్నప్పుడు ఈ ప్రశ్నలు రావు, రానక్కర్లేదు కూడా, పల్నాటి కథలో కోడిపందెం దగ్గర్నుంచి కారెంపూడి దాకా ఎవరి మాట ఎవరికి తగిలిందో అన్నీ గుర్తుపెట్టుకుని పాడారు మనవాళ్ళు, ఆ జ్ఞాపకం విలువ దానిదే. కానీ చేతిలో బొమ్మ పట్టుకుని దాన్ని బేసు మీద అంటించాల్సి వచ్చినప్పుడు మాత్రం పొగడ్త పనికిరాదు. డాలు గుండ్రమా, పొడుగా? కాళ్ళకి చెప్పులున్నాయా? రౌతు ముందా, విలుకాడు ముందా? బొమ్మ ఊరుకోదు, ఏదో ఒకటి చెప్పమంటుంది. బొమ్మలాట అని తీసిపారేసేవాళ్ళకి నా మొదటి జవాబు ఇదే. నా చదువులో ఏ పుస్తకమూ నన్ను ఇంత గట్టిగా నిలదీయలేదు.

సైన్యం తయారు చేయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఇక్కడ దొరికే భారతీయ సైనికుల బొమ్మలు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి, నడుము పైన బట్ట లేకుండా, మనిషంత పొడుగు విల్లు పట్టుకుని. అది ఎక్కడ్నుంచి వచ్చిందంటే అలెగ్జాండర్ దండయాత్ర గురించి రాసిన అరియన్ అనే గ్రీకు చరిత్రకారుడి నుంచి, భారతీయ విలుకాడు మనిషంత విల్లుని నేలకి ఆనించి ఎడమకాలితో తొక్కిపట్టి లాగుతాడని ఆయన రాశాడు. క్రీస్తుకి పూర్వం 326 నాటి మాట అది. నాకు కావాల్సింది క్రీస్తుశకం పదమూడో శతాబ్దం ఓరుగల్లు. మధ్యలో పదహారు వందల ఏళ్ళు. అరియన్ వర్ణనలోంచి పుట్టిన ఆ విలుకాళ్ళనే తెప్పించుకుని, విల్లులు కత్తిరించి, పుట్టీతో పంచెకట్టు చేసి, కొందరికి తలపాగా చుట్టాను. ఒక షాపు నుంచి తెప్పించిన ఏనుగులైతే చేటంత చెవులతో ఆఫ్రికా ఏనుగులు వచ్చాయి, ఆర్డర్లో స్పష్టంగా రాసినా సరే, మార్చి పంపడానికి ఆరు వారాలు తిప్పారు.

మరి మోడల్ ఎక్కడిది అంటే, మన ఊళ్ళల్లో ఉంది. వీరగల్లులు, పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా పాతిన రాళ్ళు. చెరువు కట్ట మీదో, గుడి వెనకో, పొలం గట్టునో నిలబడి ఉంటాయి, చాలామంది వాటికి పసుపు రాసి దండం పెట్టి వెళ్తారు, ఎవరూ ఆ రాయి మీద మనిషి చేతిలో ఏముందో చూడరు. నేను పోయినసారి ఇండియా వచ్చినప్పుడు మా మేనమామ బండి మీద వెనకాల కూర్చుని నాలుగు రోజులు తిరిగాను. ఒకచోట రాయి మీద వీరుడు, కుడిచేతిలో పొట్టి కత్తి, ఎడమచేతిలో చిన్న గుండ్రటి డాలు, మొలలో బాకు, జుట్టు ముడి ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆ ముడిని వేలితో తడిమి చూశాను, వాన నీళ్ళకి అరిగిపోయి బియ్యపుగింజ గరుకులా తగిలింది. అదే ముడి నా కత్తి బంట్లకి పెట్టాను, 15 మిల్లీమీటర్ల బొమ్మ తల మీద పుట్టీతో, సూది మొనతో. రామప్ప గుడికి కూడా వెళ్ళాం, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. గుడి చుట్టూ కింది వరసలో ఏనుగులు బారులు తీరి నడుస్తుంటాయి, అందరూ పైన మదనికల్ని ఫొటోలు తీసుకుంటుంటే నేను నేల మీద గొంతుక్కూర్చుని ఆ ఏనుగుల వరసని చూస్తూ గుడి చుట్టూ తిరిగాను. ఇక బేసుల మీద వేసిన ఎర్రమట్టి, ఇక్కడ దొరికే రెడీమేడ్ మట్టి పొడులన్నీ ఇంగ్లండ్ నేల రంగులో ఉంటాయి కాబట్టి, ఒక పాత ఇటుకని గూటంతో దంచి, పాత చున్నీలో జల్లెడ పట్టి, జిగురు రాసి చల్లాను. తడి ఆరాక చూస్తే నర్సంపేట రోడ్డు పక్క చేలలాగే ఉంది. ఆ రోజు రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇప్పుడు అసలు విషయం. డీబీఏలో ప్రతి సైన్యానికీ ఒక లిస్టు ఉంటుంది, ఏ కాలంలో ఏ సైన్యంలో ఎన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు ఉండొచ్చో చెప్పే లిస్టు. ఇంగ్లండ్‌లో సింహాసనం కోసం గులాబీల యుద్ధాలు జరిగింది 1455 నుంచి 1487 దాకా. ఆ ముప్పై రెండేళ్ళకి సొంతంగా ఒక లిస్టు ఉంది. మనది? హిందూ ఇండియన్ అనే ఒకే లిస్టు, క్రీస్తుశకం 545 నుంచి 1510 దాకా. తొమ్మిది వందల అరవై ఐదేళ్ళు. అందులోనే బాదామి చాళుక్యులు, అందులోనే ప్రతీహారులు, అందులోనే హొయసలులు, కాకతీయులు, రెడ్డి రాజులు, శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కేదాకా విజయనగరం. తమిళులకీ సింహళీయులకీ కలిపి వేరే లిస్టు ఉంది, మనకి అది కూడా లేదు.

మొదటిసారి ఇది చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది, తెల్లవాళ్ళకి మనమంటే చిన్నచూపు అని మా వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ కూడా పెట్టాను, అందరూ ఔనౌనన్నారు. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎందుకంటే ఆ లిస్టులు రాసినవాళ్ళు తమకి ఇంగ్లీషులో దొరికింది చదివి రాశారు. మన శాసనాలు తెలుగులో, సంస్కృతంలో ఉన్నాయి, వాటిని పరిష్కరించి సంపుటాలుగా అచ్చువేశారు కూడా, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటివాళ్ళు కాకతీయ శాసనాల మీద జీవితమంతా ధారపోశారు. ఆ శాసనాల్లో సైన్యానికి సంబంధించిన మాటలు ఎన్నున్నాయో చూడండి: లెంకలు అంటే ప్రభువుతో పాటు ప్రాణమిస్తామని ఒట్టుపెట్టుకున్న బంట్లు, సాహిణి అంటే గుర్రాల మీదో ఏనుగుల మీదో అధికారి. గణపతిదేవుడి బావమరిది జాయప సేనాని గజసాహిణి, ఏనుగుల దళానికి పెద్ద, ఆయనే నాట్యం మీద శాస్త్రం రాసినవాడు. ఏనుగుల అధికారి నాట్యశాస్త్రం రాసిన రాజ్యం! ఇదంతా ఏరి, కాలం వారీగా పేర్చి, 1260లో కాకతీయ సైన్యం ఇలా ఉండేది, ఇదిగో దానికి మన ఆధారం అని ఒక ఇరవై పేజీలు ఇంగ్లీషులో రాసి పంపాల్సింది ఎవరు? మనమే. ఇక్కడ సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్ అని 1965లో టోనీ బాత్ మొదలుపెట్టిన సంఘం ఉంది, వాళ్ళ పత్రికలో ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు కూడా ఏదో ఒక సైన్యం డాలు గురించి పేజీలకి పేజీలు వాదించుకుంటారు. మనదగ్గర లేనిది ఆధారం కాదు, ఆ వాదన.

గుర్రాల సంగతే తీసుకోండి. మోటుపల్లి రేవులో 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుఫానులో దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, లాగేసుకునేవాళ్ళు, మేము మాత్రం సుంకం ఒక్కటే తీసుకుని మిగతాది వదిలేస్తాం అని దాని సారాంశం. ప్రాణం కంటే ధనం గొప్పదనుకుని సముద్రం మీదికి వచ్చేవాళ్ళ మీద దయతో అని కూడా ఉంది అందులో. దీన్ని మనం స్కూల్లో వ్యాపారం అనే హెడ్డింగు కింద చదువుకున్నాం. నా టేబుల్ దగ్గర కూర్చుంటే అది సైన్యం హెడ్డింగు కిందికి వస్తుంది. గుర్రాలు ఓడల్లో వస్తున్నాయి, ఓడ పగిలితే ఆ గుర్రం ఎవరిదో తేల్చడానికి రాజు శాసనం వేయించాల్సి వచ్చింది. అంటే ఒక్కో రౌతు వెనక ఒక రేవు ఉంది. నా పన్నెండు బేసుల్లో గుర్రాలవి మూడు, ఆ మూడింటినీ ముట్టుకున్నప్పుడల్లా నాకు మోటుపల్లి గుర్తొస్తుంది.

సరే ఆటలు. మొదటి రౌండు ఈజిప్టు రథాల మీద గెలిచాను, చెప్పుకోవాల్సిందేమీ లేదు, అవతలి ఆయనకి వరసగా ఒకట్లు పడ్డాయి. రెండో రౌండు ఆ రిటైర్డ్ ప్లంబర్ గారితో, ఆయనది హన్నిబాల్ నడిపిన కార్తేజ్ సైన్యం. రెండువైపులా ఏనుగులు. నేను నా రెండు ఏనుగుల్ని మధ్యలో పక్కపక్కన పెట్టి ముందుకి తోశాను, రామప్ప వరసలాగా, చూడ్డానికి ఎంత బాగుందో. ఆయన తన ఏనుగుల్ని వెనక్కి లాగేసి ఈటెలు విసిరే తేలిక బంట్లని ఎదురు పంపాడు. ఒక బేసు మీద ఇద్దరే ఇద్దరు, డాలు కూడా సరిగ్గా లేనివాళ్ళు. ఈ ఆటలో వాళ్ళు ఏనుగు మీద గెలిస్తే ఏనుగు వెనక్కి జరగడం ఉండదు, బేసు తీసి పక్కన పెట్టడమే. డైస్ ఆయనకి ఐదు, నాకు రెండు. ఎడమ ఏనుగు పోయింది. తర్వాతి వంతులో రెండోది.

ఆయన ఆట ఆపి టీ పోసుకుంటూ ఒక సంగతి చెప్పారు. క్రీస్తుపూర్వం 207లో ఇటలీలో మెటారస్ నది దగ్గర జరిగిన యుద్ధంలో హన్నిబాల్ తమ్ముడు హస్‌ద్రుబాల్ తన మావటీలకి తలా ఒక ఉలి, ఒక సుత్తి ఇచ్చాడట. ఏనుగు బెదిరి సొంత బంట్ల మీదికి తిరిగితే మెడ దగ్గర ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొట్టి చంపేయాలని. రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. బాపు నేను తెలుగులో చెప్తే విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "సాకినోని చేతికే ఉలి ఇచ్చిండా." ఆ మాటకి నాకు గొంతు పట్టుకుంది, ప్లంబర్ గారికి ఇంగ్లీషులో చెప్తే ఆయన కప్పు కింద పెట్టి తలూపారు.

ఓడిపోయాక బాపు ఇంకో మాట అన్నాడు, ఏనుగు కాళ్ళ దగ్గర మనుషులుండాలి గదా అని. ఉండాలి. అర్థశాస్త్రంలో ఒక్కో ఏనుగుకి పదిహేను మంది పాదగోపులు ఉండాలని ఉంది, వాళ్ళ పనే దాని కాళ్ళ దగ్గర కాపలా. నేను అది చదివాను. చదివి కూడా టేబుల్ మీద ఏనుగుల్ని ఒంటరిగా పంపాను, ఎందుకంటే నా మనసులో ఏనుగుల బారు అంటే గుడి గోడ మీద శిల్పం, దాని చుట్టూ మనుషులు లేరు. చదవడానికీ తెలియడానికీ మధ్య తేడా నాకు ఆ రెండో రౌండులో తగిలింది.

మూడో రౌండు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని మీదే నాకూ మా తెలుగు మిత్రులకీ గొడవ. నిర్వాహకుడు నా సైన్యం చూసి, ఢిల్లీ సుల్తానుల సైన్యం ఉన్న లెక్కల టీచరుతో నన్ను ఆడమని ఇద్దరినీ అడిగాడు. ఇద్దరం ఒప్పుకున్నాం. కుడివైపు నా రౌతులు మూడు బేసులు, ఆయన గుర్రాల వరసలో సందు కనిపించింది, ఐదు పడింది, తోసేశాను. తర్వాతి వంతులో ఒకటి పడింది. రౌతులు సేనాపతికి చాలా దూరంలో ఉన్నారు, వాళ్ళని కదిలించాలంటే రెండు కావాలి. నా చేతిలో ఒకటే ఉంది. ఆయన తేలిక గుర్రాలు చుట్టూ తిరిగి వెనకనుంచి వస్తుంటే నా రౌతులు అలా నిలబడి ఉన్నారు, నేను చూస్తూ కూర్చున్నాను. బాపు నా భుజం మీద చెయ్యి వేసి "రాజు మాట ఇనవడనంత దూరం పోయిన్రు కొడుకా" అన్నాడు.

ఆ సాయంత్రం ఫొటోలు పెడితే ఇక్కడి తెలుగు గ్రూపులో ఇద్దరు గట్టిగానే రాశారు. మన ఓరుగల్లుని కూల్చినవాళ్ళ సైన్యంతో చేతులు కలిపి నవ్వుతూ ఫొటో దిగడమేంటి, అది మనకి ఆటా అని. నేను ఇప్పుడు ఆ ఢిల్లీ సైన్యాన్ని కూడా సొంతంగా పెయింట్ చేస్తున్నానని తెలిస్తే ఇంకేమంటారో. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, 1323 నాటి దెబ్బ ఆ కోటలో తిరిగితే ఇప్పటికీ తెలుస్తుంది, విరిగిన స్తంభాలు, మొండి శిల్పాలు నేల మీద పడి ఉంటాయి, నేను చిన్నప్పుడు వాటి మధ్యే దాగుడుమూతలు ఆడాను. అయినా వాళ్ళ మాట నేను ఒప్పుకోను. మన మట్టికోట గురించి కళ్ళకు కట్టేలా రాసింది ఎవరో తెలుసా? అమీర్ ఖుస్రో. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ 1310లో ముట్టడి వేసిన సంగతి చెప్తూ, ఆ గోడ మట్టిదే గానీ ఉక్కు ఈటె దిగదు, యంత్రంతో విసిరిన రాయి తగిలితే పిల్లలు ఆడుకునే గింజలా వెనక్కి ఎగిరి వస్తుంది అన్నాడు. రాత్రిపూట వెయ్యి మంది రౌతులతో వాళ్ళ గుడారాల మీద పడిన మన నాయకుడి గురించి కూడా ఆయనే రాశాడు. మనవాళ్ళ ధైర్యానికి సాక్ష్యం శత్రువు ఆస్థానకవి రాతలో ఉంది. అతని సైన్యాన్ని తెలుసుకోకుండా మన సైన్యాన్ని తెలుసుకోవడం కుదరదు, వాళ్ళ యంత్రం ఎంత బరువు రాయి విసిరేదో తెలియకపోతే మన మట్టిగోడ ఎంత గొప్పదో ఎలా చెప్తాం?

అందుకే నేను టోర్నమెంట్లలో జంట సైన్యాల పద్ధతి కావాలని వాదిస్తాను. అంటే ఒక ఆటగాడు నిజంగా చరిత్రలో తలపడ్డ రెండు సైన్యాలూ తెస్తాడు, రెండూ టేబుల్ మీద పెడతాడు, ఏది కావాలో అవతలివాడు ఎంచుకుంటాడు, మిగిలింది మనం ఆడాలి. పన్నెండు బేసుల ఆట కాబట్టి రెండు సైన్యాలు చేయడం పెద్ద ఖర్చు కాదు. ఈజిప్టు రథాలూ కాకతీయ ఏనుగులూ కొట్టుకుంటే సరదాగా ఉంటుంది, నేను కాదనను, ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడు మంగోలులతో అందరినీ ఓడించి గంతులేస్తుంటే నాకూ సంతోషమే. కానీ ఆ ఆటలో మనం నేర్చుకునేది రూల్స్ మాత్రమే. ఢిల్లీ చేతిలో ఓడినప్పుడు నాకొచ్చిన ప్రశ్న వేరు, నాయంకరంలో, అంటే ఒక్కో నాయకుడు తన బంట్లతో, తన గుర్రాలతో వచ్చే పద్ధతిలో, కుడివైపు పోయిన నాయకుడికి రాజు మాట ఎలా చేరేది? కొమ్ము ఊదేవాళ్ళా, జెండా ఊపేవాళ్ళా, మనిషి పరిగెత్తేవాడా? జంట పద్ధతికి నా రెండో కారణం, మన సైన్యాన్ని గెలిపించడానికి ఎలాగూ అందరం చూస్తాం, శత్రువు ఎంచుకోగా మిగిలిన సైన్యాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు దాన్ని కూడా అంతే ప్రేమగా నడపాలి. మా గ్రూపులో ఆ ఇద్దరినీ వచ్చేసారి రమ్మని పిలిచాను, వస్తే ఢిల్లీ సైన్యం వాళ్ళకిచ్చి నేను ఓరుగల్లు ఆడతాను, రెండో ఆటలో మార్చుకుందాం.

యుద్ధాన్ని ఆట చేయడం తప్పు కదా అని మా ఆవిడ మొదట్లో అడిగింది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. చదరంగం మనదే, రథ గజ తురగ పదాతులు, అది కూడా యుద్ధమే, కానీ దాంట్లో ఏనుగు తిన్నగా వెళ్తుంది, బెదరదు, దానికి ఆకలి వేయదు, రాజు చెప్పిన ప్రతి మాటా వినబడుతుంది. యుద్ధంలోంచి భయాన్నీ అయోమయాన్నీ తీసేస్తే మిగిలింది చదరంగం. నేనాడే ఆటలో అవి రెండూ తిరిగొచ్చాయి, అందుకే ఇది ఆడినవాడికి యుద్ధం మీద మోజు పెరగదు. చందుపట్ల శాసనం గుర్తుచేసుకోండి, 1289 నవంబర్ 27 తేదీతో ఉన్నది, రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు ఇద్దరూ చనిపోయారని మనకి తెలిసింది దానివల్లే. వేయించింది ఏ రాజో కాదు, పువ్వుల ముమ్మడి అనే ఒక అనుచరుడు, వాళ్ళ పుణ్యం కోసం గుడికి భూమి ఇస్తూ. నా సేనాపతి బేసు మీద ఏనుగు పక్కన చోటు లేకపోయినా ఒక్క మనిషిని ఇరికించాను, చేతిలో ఆయుధం లేకుండా. ఎవరని అడిగినవాళ్ళకి ముమ్మడి పేరు చెప్తాను.

నాలుగో రౌండు నర్సు మీద గెలిచాను, మొత్తం మీద తొమ్మిదో స్థానం. పులిహోర మాత్రం పన్నెండింటికే అయిపోయింది.

బాపు పోయిన వారం ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు రోజు రాత్రి కొబ్బరిపీచు సన్నగా కత్తిరించి, దారంతో కట్టి, పసుపూ గోధుమా కలిపిన రంగులో ముంచి నాలుగు గడ్డిమోపులు చేశాడు, ఒక్కోటి వడ్లగింజంత. నా క్యాంపు బేసు మీద కుండ పక్కన తనే అంటించాడు. నిన్న ఫోన్ చేస్తే నాకు ఒక లెక్క కావాలి బాపూ అన్నాను, రాతికోట తూర్పు దర్వాజ లోపల దారి తిన్నగా ఉండదు కదా, మలుపు తిరుగుతుంది కదా, ఆ మలుపులో రెండు ఏనుగులు పక్కపక్కన పడతాయా, ఒక్కటే పడుతుందా అని.

"ఆదివారం పొద్దుగాల పోత. టేపు వట్టుకపోత" అన్నాడు. "మీ మామను గుడ తోల్కపోత, ఒక కొస ఆయన వట్టుకోవాలె గదా."